కంపైలర్ ఎర్రర్ మెసేజ్‌లు పిల్లలకి కూడా అర్థమవ్వాలంటే? మీ అనుభవాలు చెప్పండి

మధురవాడ_కుర్రాడు

మేం ముగ్గురం సరదాకి ఓ చిన్న ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్, అందులో రాసినదాన్ని కంప్యూటర్ నడిపేలా మార్చే కంపైలర్ చేశాం. కీవర్డ్‌లన్నీ తెలుగే: చూపు, అయితే, లేకపోతే. కోడ్‌ని పదాలుగా విడగొట్టే భాగానికి (లెక్సర్) ఫ్లెక్స్, ఆ పదాల వరుస సరిగ్గా ఉందో చూసే భాగానికి (పార్సర్) బైసన్ వాడి సీలో రాశాం. మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏడెనిమిది తరగతుల పిల్లలు తొమ్మిది మందిని కూర్చోబెట్టి నేర్పిద్దామనుకున్నాం. అరగంటలో మా పని అయిపోయింది. ఎవరేం రాసినా తెర మీద ఒకటే మాట: "వ్యాకరణ దోషం, లైను 7". ఓ పాప వచ్చి "అంకుల్, ఏడో లైన్లో ఏమీ లేదు, ఖాళీ" అంది. నిజంగానే ఖాళీ. తప్పు ఆరో లైన్లో ఉంది. (నాకింకా ఇరవై ఆరే. అంకుల్ అన్న బాధ వేరే.)

రాత్రి కూర్చుని మెసేజ్‌లు మార్చి రాద్దామనుకుంటే అసలు సంగతి తెలిసింది. మంచి వాక్యం రాయడానికి కావాల్సిన సమాచారమే మా కోడ్ దగ్గర లేదు. లైను నంబరు ఒక్కటే ఉంది, అదీ తప్పు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

లాబ్_మాస్టారు

బాబూ, ఆ ఏడో లైను గొడవ నీ ఒక్కడిదే కాదు. పార్సర్‌కి తేడా తెలిసేది తర్వాతి టోకెన్ (అంటే పదమో గుర్తో) చదివాకే. భీమిలి బస్సులో నిద్రపోయినవాడికి దిగాల్సిన రుషికొండ దాటాక మెలకువ వచ్చినట్టు. వాడు లేచిన చోటు చెబితే ఏం లాభం, దిగాల్సిన చోటు చెప్పాలి గానీ.

సీ లాబ్‌లో ఏళ్ల తరబడి చూస్తున్నాను. పిల్లలు సెమికోలన్ మర్చిపోయి "సార్, రిటర్న్ తప్పంటోంది" అని రిటర్న్‌ని చెరిపేసి మళ్లీ రాస్తారు. సీ కంపైలర్ జీసీసీ 8 నుంచి, తప్పు చోటు చూపించే బాణం గుర్తు ముందు లైను చివర, సెమికోలన్ ఉండాల్సిన చోటే పడుతోంది. ఆ ఒక్క మార్పుతో నా దగ్గరికొచ్చే పిల్లల క్యూ సగమైంది. పైథాన్ 3.10 (2021) కూడా అంతే. మూయని బ్రాకెట్ ఉంటే పాత వెర్షన్లు కింది లైన్లో "ఇన్‌వాలిడ్ సింటాక్స్" అనేవి, ఇప్పుడు తెరిచిన బ్రాకెట్‌నే చూపించి ఇది మూయలేదు అంటోంది. అంతకుముందు 3.9లో పార్సర్‌నే కొత్తగా రాసుకున్నారు. లోపల ఆ మార్పు జరిగాకే ఇలాంటివి చేయడం తేలికైంది.

నువ్వు ముందు చేయాల్సింది చిన్న పనే. ఇప్పుడు చదివిన టోకెన్‌తో పాటు దాని ముందు టోకెన్ ఎక్కడ ముగిసిందో కూడా గుర్తుపెట్టుకో.

రుషికొండ_నైట్‌షిఫ్ట్

మాస్టారు చెప్పింది కరెక్టు. నాదీ ఒక మాట. మా ఆఫీసులో కాన్ఫిగ్ ఫైళ్లకి సొంత లాంగ్వేజ్ ఒకటుంది. దాని ఎర్రర్లు బాగుచేయమని నాకిచ్చారు. తెరిచి చూస్తే ఎక్కడికక్కడ మెసేజ్ అచ్చువేసే ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌లు. లెక్కపెట్టాను, డెబ్బైకి పైనే. ఒకటి "అన్‌నోన్ నేమ్" అంటుంది, ఇంకోటి "నేమ్ నాట్ ఫౌండ్", మూడోది ఏమీ అనకుండా ఎగ్జిట్ అయిపోతుంది.

మెసేజ్‌ల జోలికి వెళ్లకుండా మూడు వారాలు లోపలి కోడే సర్దాను. ఎర్రర్ అంటే ఒక స్ట్రక్ట్ (వివరాలన్నీ కలిపి కట్టిన మూట): నంబరు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, అసలు మాట, కింద సలహా. అన్నీ ఒకే ఫంక్షన్ గుండా వెళ్లాలి. ప్రోగ్రామ్‌ని కంపైలర్ కొమ్మలుగా దాచుకునే ట్రీలో ప్రతి నోడ్‌కీ చోటు తగిలించాను. మేనేజరుకి చూపించడానికి ఏమీ లేదు, రోజూ స్టాండప్ మీటింగ్‌లో "రీఫాక్టరింగ్" అనడమే. నాలుగో వారంలో మాత్రం రోజుకి పదేసి మెసేజ్‌లు మారాయి.

బైసన్ అయితే, చోట్లు గుర్తుపెట్టుకోమని చెప్పే లొకేషన్స్ డైరెక్టివ్ పెట్టు. కానీ అది పెట్టగానే కాలమ్ నంబర్లు (లైన్లో ఎన్నో చోటు అన్నది) వాటంతట అవి రావు. ఫ్లెక్స్ వైపు, పదం దొరికిన ప్రతిసారీ నడిచే యూజర్ యాక్షన్ మాక్రోలో నువ్వే పెంచుకుంటూ పోవాలి. ఇది తెలీక నేను రెండు రోజులు తగలేశాను.

గాజువాక_రస్ట్

గురూ, టెస్టులు మర్చిపోకండి. నేను రస్ట్ అనే లాంగ్వేజ్ కంపైలర్‌కి ఒక చిన్న మెసేజ్ మార్పు పంపాను, మార్చింది ఒక్క వాక్యం. దానికి ముప్పై చిల్లర టెస్టు ఫైళ్లు ఎర్రగా మారాయి. కంగారుపడ్డాను. తర్వాత తెలిసింది, అక్కడ ప్రతి తప్పుడు ప్రోగ్రామ్ పక్కనా రావాల్సిన ఎర్రర్ అక్షరం అక్షరం ఒక ఫైల్లో రాసి ఉంటుంది. మార్పు మనం కావాలని చేసిందే అయితే "బ్లెస్" అని కొడితే ఆ ఫైళ్లన్నీ కొత్తవైపోతాయి. రివ్యూ చేసేవాళ్లు చూసేదీ ప్రధానంగా ఆ తేడానే. మీ పిల్లలు రాసిన తప్పు ప్రోగ్రాములు పారేయకండి, మొదటి టెస్టులు అవే.

ఇంకోటి. ఒక పేరు తప్పయితే దాన్ని వాడిన ప్రతిచోటా మళ్లీ అరవకూడదు. రస్ట్‌లో తప్పు తేలిన దానికి "ఎర్రర్" అనే టైపే (విలువ ఏ రకమో చెప్పేది) ఇచ్చేస్తారు. ఆ టైపు కనిపిస్తే, దీని గురించి ఇప్పటికే చెప్పాం కదా అని మిగతా చెకింగ్ నోరు మూసుకుంటుంది.

మధురవాడ_కుర్రాడు

అందరికీ థాంక్స్. రెండు వారాలు కూర్చున్నాం. లొకేషన్స్ వచ్చాయి, ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌లు ఒక చోటికి చేరాయి. ఇప్పుడు కొత్త తలనొప్పి. బాణం గుర్తు పదం కింద పడట్లేదు, ఎక్కడో కుడివైపు సముద్రంలో పడుతోంది. ఇంగ్లిష్ పేర్లయితే సరిగ్గానే ఉంది.

అక్షరాల_పిచ్చి

నా సబ్జెక్టు వచ్చింది, జరగండి.

"మొత్తం" తీసుకో. కంటికి రెండక్షరాలు: మొ, త్తం. యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు (గుణింతం, వత్తు, సున్నా గుర్తులకి కూడా విడివిడి నంబర్లు). యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, అంటే 18. ఫ్లెక్స్ లెక్కపెట్టేది బైట్లు. అందుకే నీ బాణం అంత దూరం పోతోంది. పోనీ అక్షరాలే లెక్కపెడదామా అంటే, మెసేజ్ కనిపించే టెర్మినల్ ఏ అక్షరానికి ఎంత వెడల్పిస్తుందో దానిష్టం, ఫాంటు దయ. నా మాట విని బాణం మానేయి. టెర్మినల్‌కి రంగు, గీత లాంటివి చెప్పే ఎస్కేప్ కోడ్‌తో పదానికే కింద గీత గీయి, మెసేజ్‌లో ఆ పదాన్ని మళ్లీ రాయి.

రెండోది కంటికి కనపడని దెయ్యం. "సాఫ్ట్‌వేర్" అని టైప్ చేస్తే ట్ తర్వాత ఒక జీరో విడ్త్ నాన్ జాయినర్ (యూ+200సీ, అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది, అది లేకపోతే వ వత్తుగా కిందికి దిగిపోతుంది. చదవడానికి అది కావాల్సిందే. కానీ పైథాన్‌లో వేరియబుల్‌కి ఆ పేరు పెడితే "యూ+200సీ, కనిపించని క్యారెక్టర్" అంటూ ఆపేస్తుంది. రస్ట్‌లోనూ పేర్లలో అది కుదరదు. మీ లెక్సర్ దాన్ని పేర్లలో ఒప్పుకుని, పోల్చేటప్పుడు మాత్రం తీసేస్తే మేలు.

మూడోది విభక్తి. మెసేజ్‌లో పేరు పక్కన "కు" అతికించారా? "చిట్టికు" అని వస్తుంది. "ఇల్లు" అని పేరు పెడితే "ఇల్లుకు". ఏడో తరగతి పిల్ల కూడా నవ్వుతుంది. "'ఇల్లు' అనే పేరుకి ఇంకా విలువ ఇవ్వలేదు" అని రాయండి. "అనే" ఉంటే ఏ పేరొచ్చినా వాక్యం చెడదు.

సిరిపురం_స్క్రిప్ట్

నాకో డౌటు. తెలుగులో ఎర్రర్ ఇస్తే నెట్‌లో ఎలా వెతుక్కుంటారు? ఇంగ్లిష్ మెసేజ్ కాపీ చేసి పేస్ట్ చేస్తే పనైపోతుంది కదా.

రుషికొండ_నైట్‌షిఫ్ట్

అందుకే నంబరు ఉండాలన్నాను. రస్ట్‌లో 0382 నంబరు ఎర్రర్ అంటే చేతులు మారిపోయిన విలువని మళ్లీ వాడావని. ఎక్స్‌ప్లెయిన్ అని ఆ నంబరిస్తే ఉదాహరణతో సహా చెబుతుంది. మాట ఏ భాషలో ఉన్నా నంబరు మారదు. అయినా వీళ్ల లాంగ్వేజ్ గురించి నెట్‌లో ఏముంటుంది బ్రో, సెల్లార్‌లో తొమ్మిది మందికి తప్ప ఎవరికీ తెలీదు.

ఎంవీపీ_టీచరమ్మ

నాకు కంపైలర్లు తెలియవు, మా అబ్బాయి చూపిస్తే చదివాను. "దోషం" అన్న మాట తీసేయండి నాయనా. పిల్లలకి అది జాతకంలో దోషంలా వినిపిస్తుంది. "మీరు" అని రాస్తే ఆఫీసు నోటీసులా ఉంటుంది. "నువ్వు తప్పు చేశావు" అంటే మరీ ఘోరం. "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అనండి.

లాబ్_మాస్టారు

టీచరమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. ఎల్మ్ అనే లాంగ్వేజ్‌లో కంపైలర్ ఇలాగే "నాకు" అంటూ మాట్లాడుతుంది. 2015 నుంచి ఆ మెసేజ్‌ల గురించి చెప్పుకుంటూనే ఉన్నారు.

మధురవాడ_కుర్రాడు

నిన్న మళ్లీ క్లాసు పెట్టాం. అదే పాప "చూపు" బదులు "చుపు" కొట్టింది. వచ్చిన మెసేజ్ ఇది:

"6వ లైన్లో 'చుపు' అనే మాట నాకు తెలియదు. 'చూపు' అని రాయబోయావా?"

ఈ సలహా కోసం పదాల మధ్య ఎడిట్ దూరం (ఒకదాన్ని ఇంకోదిగా మార్చడానికి ఎన్ని దిద్దుబాట్లో) కోడ్ పాయింట్లలో లెక్కేశాం, పదం పొడవులో మూడో వంతు దాటితే సలహా ఇవ్వం. పాప దిద్దుకుని మమ్మల్ని పిలవకుండానే ముందుకెళ్లిపోయింది. పక్కనున్న కుర్రాడు మాత్రం వేరియబుల్‌కి "చీపు" అని పేరు పెట్టి, చూపు అని రాయబోయావా అని ఎన్నిసార్లు అడుగుతుందో చూద్దామని ఇరవైసార్లు రన్ చేశాడు.

లూప్ (ఒకే పని మళ్లీ మళ్లీ చేయించేది) సంగతి ఇంకా తేలలేదు. లూప్‌కి ముగింపు రాయడం మర్చిపోతే ఫైలు చివర ఎర్రర్ వస్తోంది. తెరిచిన చోటు చూపించాలంటే బైసన్‌లో ఎలా? ఎవరైనా చేశారా?

గాజువాక_రస్ట్

తెరిచిన ప్రతిదాని చోటునీ లెక్సర్‌లోనే చివర పెట్టింది ముందు తీసే దొంతర, అదే ఒక స్టాక్‌లో వేసుకో, మూసినప్పుడు తీసేయి. ఫైలు అయిపోయాక పైన ఏది మిగిలితే అదే నీ దొంగ. ఆదివారం నేనూ వస్తాను, సెల్లార్ లొకేషన్ పెట్టు.