అంబాసిడర్ పుట్టిన ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ: దగ్గరగా చూసినవాళ్ళున్నారా?

గోదారిగట్టు: మా నాన్నగారి అంబాసిడర్ ఇంకా షెడ్డులోనే ఉంది. ఆ ఫ్యాక్టరీ మొదట గుజరాత్‌లో ఉండేదంటారు, నిజమేనా?

పాతబండి ప్రసాద్: నిజమేనండి. 1942లో బిర్లాలు హిందుస్థాన్ మోటార్స్‌ని ఓఖా రేవులో మొదలెట్టారు. 1948లో కలకత్తా పక్కన ఉత్తర్‌పారాకి మార్చారు. ఇంగ్లండ్ మోరిస్ బండ్లే అక్కడ పేరు మార్చుకునేవి. హిందుస్థాన్ 10, ల్యాండ్‌మాస్టర్ అలా వచ్చినవే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 మనకు అంబాసిడర్ అయింది.

ఖరగ్‌పూర్ వాసి: మేం ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్ళం. మా మేనత్త వాళ్ళు అటువైపే ఉండేవారు. హౌరాలో లోకల్ ఎక్కితే ఉత్తర్‌పారా తర్వాతి స్టేషన్ పేరే హింద్ మోటర్! షిఫ్టు వదిలారంటే క్యారేజీలు పట్టుకున్న జనంతో ప్లాట్‌ఫాం కిక్కిరిసేది. ఫౌండ్రీ (పోత పోసే చోటు), ఫోర్జ్ (కాల్చి సాగగొట్టే చోటు), ప్రెస్ షాపు (రేకులు ఒత్తే చోటు) అన్నీ లోపలే. ఇనుము కరిగించడం దగ్గర్నుంచి బండి బయటికొచ్చేదాకా ఒకే ప్రహరీలో పని.

బెజవాడ శీను: మోడల్ మార్చలేదు కాబట్టే కంపెనీ మునిగిందని అందరూ అంటారు. నేనలా అనుకోను. అన్నీ సొంతంగా చేసుకోవడమే చివరికి మెడకు చుట్టుకుంది. 1983లో మారుతి వచ్చింది. అయినా 80ల మధ్యలో వీళ్ళు ఏడాదికి 24 వేల దాకా బండ్లు అమ్మారు. 2013-14కి వచ్చేసరికి సుమారు 2,200. అంత పెద్ద ఫౌండ్రీ ఖర్చు, రెండు వేల పైచిలుకు మంది జీతాలు ఆ కాసిని బండ్ల మీద ఎలా గిట్టుబాటవుతాయి?

పాతబండి ప్రసాద్: శీనుగారూ, టాక్సీలు, సర్కారు ఆఫీసుల ఆర్డర్లు ఉన్నన్నాళ్ళు కొత్తది చెయ్యాలన్న తొందర వాళ్ళకి లేదు. అదీ రాయండి మరి. 2014 మే 24న పని ఆపేశారు. 2017లో అంబాసిడర్ పేరు 80 కోట్లకి ఫ్రాన్స్ కార్ల కంపెనీ ప్యూజో వాళ్ళకి అమ్మేశారు.

నగరి చిన్నోడు: మా ఊరికి కాస్త దూరంలో, తిరువళ్ళూరులో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ ఇంకో ప్లాంట్ ఉండేది కదా. మిత్సుబిషి లాన్సర్ అక్కడిదే. ఇప్పుడు అక్కడ సిట్రోయెన్ కార్లు చేస్తున్నారు.

గోదారిగట్టు: అందరికీ థాంక్స్. మా బండిలో ఉన్నది జపాన్ కంపెనీ ఇసుజు ఇంజనా, పాతదా అని ఎలా తెలుస్తుంది?

బెజవాడ శీను: గేరు రాడ్ ఎక్కడుంది? స్టీరింగ్ పక్కనుంటే దాదాపుగా పాత 1489 సీసీయే. 90లలో వచ్చిన ఇసుజు 1800కి గేరు కింద ఉంటుంది. బానెట్ ఎత్తి ఫొటో పెట్టండి, చెప్తా.