అప్‌డేట్: ఐబీలో 'అప్లికేషన్స్' మ్యాథ్స్ తీసుకున్న మా అమ్మాయి ఇంజనీరింగ్ అడ్మిషన్ సంగతి

అమ్మాయి ఐబీ డిప్లొమాలో (ఇంటర్ స్థాయి అంతర్జాతీయ కోర్సు) మ్యాథ్స్ 'అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్' (ఏఐ) స్టాండర్డ్ లెవెల్‌లో చదివింది, డిప్లొమా మొత్తం మీద 45కి మంచి స్కోరే వచ్చేలా ఉంది, ఇంజనీరింగ్‌కి సరిపోతుందా అని అడిగాను కదా. కష్టమని చాలామంది అన్నారు. అదే నిజమైంది.

యూనివర్సిటీ అడ్మిషన్ల వాళ్ల జవాబు సూటిగా ఉంది: మొత్తం స్కోరు ఒక షరతు, సబ్జెక్టు ఇంకో షరతు. ఇక్కడ ఎక్కువొచ్చిందని అక్కడ సర్దరు. ఐబీ 2019లో మ్యాథ్స్‌ని రెండు కోర్సులుగా విడదీసింది. మేం చూసిన ఇంజనీరింగ్ కోర్సులు ఎక్కువగా 'అనాలిసిస్ అండ్ అప్రోచెస్' హయ్యర్ లెవెల్ అడుగుతున్నాయి. ఏఐ హయ్యర్ లెవెల్‌ని కొందరు ఒప్పుకుంటున్నారు గానీ, స్టాండర్డ్ లెవెల్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

రెండు దార్లు మిగిలాయి. డిగ్రీకి ముందు యూనివర్సిటీ నడిపే ఫౌండేషన్ ఇయర్‌లో చేరితే ఏడాదీ పోతుంది, ఫీజూ పోతుంది. పైగా ఒక యూనివర్సిటీ ఫౌండేషన్‌ని ఇంకో యూనివర్సిటీ ఒప్పుకోవాలనేం లేదు. అందుకే రెండో దారిగా కేంబ్రిడ్జ్ ఏ లెవెల్ (ఇంటర్ స్థాయి బ్రిటిష్ పరీక్ష) మ్యాథ్స్ ఒక్కటే ప్రైవేటుగా రాయిస్తున్నాం. అందులో ప్రాక్టికల్స్ లేవు, అన్నీ రాత పేపర్లే. అదే ఫిజిక్స్ అయ్యుంటే ల్యాబ్ పరీక్ష పెట్టే సెంటర్ కోసం తిరగాల్సొచ్చేది. పేపర్లు ఎంచుకునేటప్పుడు ఒకటి చూసుకోండి: మెకానిక్స్ లేకుండా స్టాటిస్టిక్స్‌తోనే ఏ లెవెల్ పూర్తి చేసే వీలుంది. ఇంజనీరింగ్‌కైతే మెకానిక్స్ ఉన్న సెట్టే తీసుకోవాలి.

ఈ ఏ లెవెల్ చెల్లుతుందని, ఏ గ్రేడు రావాలో కూడా, యూనివర్సిటీ నుంచి ముందే మెయిల్‌లో రాయించుకున్నాం. ఫోన్లో ఎంత బాగా చెప్పినా నేను నమ్మను. పరీక్ష ఫీజు ఆ తర్వాతే కట్టాం.