రీజెన్సీ కాలపు గూఢచారి ప్రేమకథ: ఎక్కడ తేలిపోతోందో చెప్పండి

దీపంపురుగు
కథాకాలం 1812, ఇంగ్లండులో రాజు బదులు యువరాజు ఏలిన రీజెన్సీ రోజులు. చోటు లండన్, ఫ్రాన్స్‌కు ఎదురుగా ఉన్న రేవు డోవర్. నాయిక బ్రిటన్ తరఫు వేగు. ఫ్రాన్స్ నుంచి టపాలో కవరు వస్తుంది, అందులో అంకెల సంకేతలిపి. ఒక్క రాత్రిలో విప్పేస్తుంది. తెల్లారగానే నాయకుడు ఎర్ల్‌తో (బిరుదున్న ఇంగ్లీషు ప్రభువు) కలిసి బండెక్కి డోవర్ వెళ్తుంది. చివర్లో రహస్య వివాహం. మొహమాటం లేకుండా తప్పులు పట్టండి.

పాతటపా
కవరు దగ్గరే దొరికిపోయారు. అప్పట్లో టపా ఖర్చు దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి. కవరు పెడితే అది రెండో కాగితం కింద లెక్క, ఛార్జీ రెట్టింపు. అందుకే ఒకే కాగితాన్ని మడిచి, పై మడత మీద చిరునామా రాసి, లక్కతో అంటించేవారు. చోటు చాలకపోతే కాగితాన్ని అడ్డంగా తిప్పి రాసిన దాని మీదే మళ్లీ రాసేవారు.

డబ్బు కట్టేది సాధారణంగా అందుకున్నవాళ్లు. 1812 రేట్లలో ఒంటి కాగితానికి 15 మైళ్ల లోపు 4 పెన్నీలు, 50 నుంచి 80 మైళ్లకు 8. డోవర్ నుంచి లండన్ 70 మైళ్ల చిల్లర, కాబట్టి 8. అంటే ఉత్తరం వచ్చిన సంగతి బట్లర్‌కీ తెలుస్తుంది, లెక్కలు చూసే మేనత్తకీ తెలుస్తుంది. మీకు కావలసిన ఉత్కంఠ అక్కడే ఉంది.

ఎర్ల్‌కు టపా ఉచితం. కాకపోతే చిరునామా మొత్తం, ఊరు, తేదీ తన చేత్తోనే రాసి సంతకం పెట్టాలి, రోజుకు 10 దాటకూడదు. అతని చేతిరాతను అనుకరించే విలన్‌కు ఇది మంచి దారి.

నల్లసిరా
అసలు ఆ ఉత్తరం టపాలో రాదండీ. ఫ్రాన్స్‌తో యుద్ధకాలంలో డోవర్, అవతలి ఒడ్డున ఉన్న ఫ్రెంచి రేవు కలే మధ్య టపా పడవలు నడవలేదు. ఏదో చుట్టుదారిన వచ్చినా లండన్ లొంబార్డ్ వీధి టపా కార్యాలయంలో విదేశీ ఉత్తరాలు విప్పి, నకలు తీసి, మళ్లీ ముద్ర వేసే రహస్య విభాగం ఉంది. మన వేగు ఉత్తరాన్ని మనవాళ్లే విప్పుతారు.

దొంగసరుకు పడవ వాడండి. డోవర్ పక్కనే ఉన్న డీల్ ఊరి పడవలవాళ్లు గినీ బంగారు నాణేలు, వార్తాపత్రికలు ఫ్రాన్స్‌కు చేరవేసేవారు. నెపోలియన్ వాళ్లకు ఫ్రెంచి రేవుల్లో, ముందు డంకర్క్‌లో, తర్వాత గ్రావ్లీన్‌లో చోటిచ్చాడు. ఆ పడవల్లో మనుషులూ దాటేవారు.

సంకేతలిపి ఒక్క రాత్రిలో కుదరదు. ఫ్రెంచివాళ్ల పెద్ద సంకేతంలో మాటలకు, అక్షరాలకు బదులు సుమారు 1400 సంఖ్యలు. స్పెయిన్ యుద్ధరంగంలో బ్రిటిష్ సైన్యాధికారి జార్జ్ స్కోవెల్ దాన్ని విప్పడానికి నెలలు పట్టింది. అదీ శత్రువు బద్ధకం వల్లే: ఉత్తరమంతా అంకెల్లోకి మార్చకుండా మధ్యమధ్య మామూలు మాటలు వదిలేశారు. వాటిని పట్టుకుని ఖాళీలు ఊహించాడు. మీ నాయిక దగ్గర ముందే ఆ సంకేతాల పట్టికలో సగం ఉంటే నమ్ముతాం.

కనపడని సిరా కావాలంటే నిమ్మరసం వద్దు. అనుమానమొస్తే ఎవడైనా ముందు చేసేది మంటకు చూపడమే. అన్నభేది (ఇనుప లవణం) నీళ్లతో రాసి, మాచికాయ కషాయం కుంచెతో పూస్తే అక్షరాలు నల్లగా లేస్తాయి. అన్నభేది చిక్కగా ఉన్నా, కలిపి చాలాసేపు ఉంచినా తుప్పు రంగు బయటపడుతుంది. ఈకకలం నొక్కి రాస్తే గీతలు ఏటవాలు వెలుతురులో దొరికిపోతాయి. కషాయం తడికి, అనుమానం రాకుండా పైన రాసిన మామూలు రాత కాస్త అలుక్కుంటుంది, అది కూడా రాయండి.

గుర్రపుడెక్క
బండి సంగతి. అద్దె పోస్ట్‌షేజ్ (మూసిన చిన్న గుర్రపుబండి) అయితే ముందు సారథి కూర్చోడు, ఒక గుర్రం మీదే స్వారీ చేస్తూ తోలుతాడు. కాబట్టి లోపలి మాటలు వినబడవు. 10, 15 మైళ్లకోసారి గుర్రాలు మార్చాలి: డార్ట్‌ఫర్డ్, రోచెస్టర్, సిట్టింగ్‌బోర్న్, కాంటర్‌బరీ. ప్రతి సత్రం దగ్గరా ఒక సాక్షి తయారవుతాడు. పెళ్లికాని పిల్ల మూసిన బండిలో పరాయి మగాడితో కనబడితే పరువు పోయినట్టే, కనుక పనిమనిషిని ఎక్కించండి. సీటు ఇద్దరికే, ముగ్గురైతే ఇరుకు. ఆ ఇరుకు మీ కథకు పనికొస్తుందేమో!

పాతటపా
పెళ్లికి: 1753 చట్టం ప్రకారం 21 నిండకపోతే లైసెన్సు పెళ్లికి తండ్రి సమ్మతి కావాలి. చర్చిలో మూడు ఆదివారాలు చాటింపు వేయిస్తే రహస్యం ఉండదు. పెళ్లి వేళ ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 లోపే. వేళ, చోటు పట్టింపు లేకుండా కావాలంటే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఇచ్చే ప్రత్యేక లైసెన్సు. పారిపోయిన జంటలు పెళ్లిచేసుకునే స్కాట్లండ్ ఊరు గ్రెట్నా గ్రీన్ మాత్రం వద్దు. అది 300 మైళ్లు పైగా ఉత్తరాన, మీ విలన్ దక్షిణాన డోవర్‌లో!

మాటతీరు
సంబోధన చూసుకోండి. సర్ తర్వాత సొంత పేరు వస్తుంది, లార్డ్ తర్వాత బిరుదు. ఎర్ల్‌ను ‘దొరగారూ’ అంటే కంపెనీ కలెక్టరు, ‘ప్రభూ’ అంటే జానపద సినిమా గుర్తొస్తాయి. ‘మై లార్డ్’ అనే ఉంచడం మేలు. ఇక మీరు నుంచి నువ్వులోకి దిగడం ఇంగ్లీషు రచయితలకు లేని సౌకర్యం. బండిలోనే ఖర్చు పెట్టేయకండి.

నల్లసిరా
కాలం కూడా జరపొద్దు. 1814 ఏప్రిల్ నుంచి 1815 మార్చి దాకా ఫ్రాన్స్‌తో శాంతి. 1815లో నెపోలియన్ చివరిగా ఓడిన వాటర్లూ తర్వాత వేగుల పని ఎక్కువగా ఇంట్లోవాళ్ల మీదే, 1817లో ఇంగ్లండులోని పెంట్రిచ్ తిరుగుబాటులో దూరిన సర్కారు వేగు ఆలివర్ లాగ. మంత్రులను చంపాలని పన్నిన కేటో స్ట్రీట్ కుట్ర బాగుంటుంది గానీ అది 1820 ఫిబ్రవరి 23న, రీజెన్సీ జనవరి 29నే ముగిసింది. ఇంకోమాట, రీజెన్సీని హైదరాబాదు కోఠీ రెసిడెన్సీతో కలపకండి. అక్కడి బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ 1805లోనే పోయాడు.

దీపంపురుగు
కవరు తీసేశాను. ఉత్తరం డీల్ నుంచి చేపలబుట్ట అడుగున వస్తుంది, అన్నభేది రాతతో. సరేనా?

నల్లసిరా
చేపలబుట్టలో తడుస్తుందండీ. ఆ రాత నీళ్లకు కొట్టుకుపోతుంది. పనిమనిషి టోపీ అస్తరులో కుట్టించండి.