22 ఏళ్లు, కొత్త దేశం: కారు బీమా ఇంత ఎందుకు?

ప్రశ్న: లైసెన్సు వచ్చి 4 ఏళ్లు, ఒక్క క్లెయిమూ లేదు. వచ్చే నెల వేరే దేశం వెళ్తున్నా. కొటేషన్ ఫారంలో స్థానిక లైసెన్సు ఎన్నేళ్లుగా అన్న గడిలో 0 కొట్టగానే ప్రీమియం రెట్టింపైంది. ఏం చేయాలి?

జవాబు: నాకూ ఇదే జరిగిందండీ, చాలా బాధపడ్డాను. బయల్దేరకముందే పాత కంపెనీ నుంచి నో క్లెయిమ్ లెటర్ తీసుకోండి. లెటర్‌హెడ్ మీద మీ పేరు, పాలసీ తేదీలు, క్లెయిములు లేవన్న మాట ఉండాలి. ఆ లెటర్‌ని కొత్త దేశంలో అన్ని కంపెనీలూ ఒప్పుకోవు. నేను ఫోన్లు చేస్తూ పోతే నాలుగో కంపెనీ ఒప్పుకుంది.

జవాబు: చిన్న ఇంజిన్ కారు చూడండి. టెలిమాటిక్స్ పాలసీ, అంటే కారులో పెట్టే పరికరంతోనో ఫోన్ యాప్‌తోనో మీరెలా నడుపుతున్నారో చూసి ప్రీమియం లెక్కేసేది, ఉందేమో కూడా అడగండి.

జవాబు: నడిపేది మీరైతే, ప్రీమియం తగ్గుతుందని నాన్నగారిని ప్రధాన డ్రైవరుగా చూపించొద్దు, దయచేసి. అది మోసం కిందకొస్తుంది, క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

ప్రశ్న వేసినవారు: లెటర్ కోసం ఇప్పుడే మెయిల్ పెట్టాను.