అదే 16 మంది ఎంపీలు: 2014లో లేని బలం 2024లో ఎక్కడి నుంచి వచ్చింది?

బ్రాడీపేట వాసి:
2014లో తెలుగుదేశానికి లోక్‌సభలో 16 మంది, మల్కాజిగిరితో కలిపి. 2024లోనూ 16 మందే. కానీ ఆ 16కీ ఈ 16కీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. అప్పుడు బీజేపీకి సొంతంగా 282 వచ్చాయి, ఎవరి మద్దతూ అక్కర్లేదు. నాలుగేళ్లు కలిసి ఉండి, 2018 మార్చిలో బయటికొచ్చి, జులై 20న అవిశ్వాస తీర్మానం చర్చకు తెచ్చారు. నోటీసు విజయవాడ ఎంపీది, చర్చ మొదలుపెట్టింది మా గుంటూరు ఎంపీ. ఇద్దరూ మనవాళ్లే కదా అని ఆ రోజంతా టీవీ ముందు నుంచి కదల్లేదు. తీర్మానానికి 126 ఓట్లు, వ్యతిరేకంగా 325. అంతే, అయిపోయింది. 2024కి వచ్చేసరికి బీజేపీ 240 దగ్గర ఆగింది, మెజారిటీకి కావాల్సిన 272కి 32 తక్కువ. ఈసారి గుంటూరు నుంచి మొదటిసారి గెలిచినాయన నేరుగా కేంద్రంలో సహాయ మంత్రి, జులై బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్ల మాట. నేననేది ఒక్కటే: మనం ఎంతమందిని పంపామన్నది కాదు, పెద్ద పార్టీకి ఎన్ని తగ్గాయన్నదే మన బలం. ఎవరైనా కాదంటారా?

పటమట మాస్టారు:
కాదనను గానీ పాత లెక్కలు కూడా చూడు బాబూ. 1984లో దేశమంతా కాంగ్రెస్ గాలి, ఆ పార్టీకి 400 పైన. మన దగ్గర తెలుగుదేశానికి 30, లోక్‌సభలో అదే అతి పెద్ద ప్రతిపక్షం. అయినా అధికారికంగా ప్రతిపక్ష నేత హోదా లేదు, ఎందుకంటే అందుకు సభలో పదో వంతు కావాలన్న ఆనవాయితీ. అయిదేళ్లు గట్టిగా మాట్లాడారు, అంతకు మించి ఏమీ చేయలేకపోయారు. అదే పార్టీకి 1998లో 12 మందే, కానీ స్పీకర్ పదవి బాలయోగి గారికి దక్కింది. 30 మంది చేయలేనిది 12 మంది చేశారు. నీ మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, అంత సింపుల్ కాదు. 2024లో ఎన్డీయేకి మొత్తం 293. అందులోంచి మన 16 తీసెయ్యండి, 277 మిగులుతుంది. ప్రభుత్వం పడదు! బిహార్ పార్టీ జేడీయూ 12 కూడా కలిసి బయటికొస్తేనే 265కి దిగి ఇబ్బంది. అంటే 'మన 16 మీదే ఢిల్లీ నిలబడింది' అని ఊళ్లో జనం చెప్పుకునేది లెక్క ప్రకారం నిజం కాదు. ఇంకోటి, ఆ 15,000 కోట్లు ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల రుణాల ద్వారా ఏర్పాటు చేస్తున్న డబ్బే ఎక్కువ. రాష్ట్రానికి ప్రత్యేక హోదా సంగతి అసలు ఎత్తనే లేదు. 2019 ముందు వైసీపీ వాళ్లు 25 మంది ఎంపీలనిస్తే కేంద్రం మెడలు వంచుతామన్నారు, 22 ఇచ్చాం, బీజేపీకి 303 వచ్చాయి. అప్పుడు హోదా రాలేదు, ఇప్పుడు 240 వచ్చినా రాలేదు. మీ లెక్కే కరెక్టయితే ఇప్పుడైనా రావాలిగా?

బ్రాడీపేట వాసి:
తమ్ముడూ, పడగొట్టడం వేరు, బేరం ఆడటం వేరు. 16 పోతే 277తో ఎవరు నిశ్చింతగా పడుకుంటారు? ఒక పార్టీ అలిగినా, ఒకరిద్దరు జారిపోయినా టెన్షనే. 303 ఉన్నప్పుడు ఆ టెన్షన్ లేదు. 2019 ఫలితాల తర్వాత ఢిల్లీలో ప్రధానిని కలిసొచ్చి జగన్ గారే అన్నారు కదా, బీజేపీ 250 దగ్గర ఆగి ఉంటే ఇలా అడుక్కునే పరిస్థితి ఉండేది కాదన్న అర్థంలో. నేను చెప్పేదీ అదే.

తెనాలి రోడ్డు:
మీరందరూ ఢిల్లీ లెక్కే చూస్తున్నారు, ఇక్కడి లెక్క చూడట్లేదు. 2019లో తెలుగుదేశానికి రాష్ట్రంలో దాదాపు 40 శాతం ఓట్లు, సీట్లు 25లో 3. 2024లో వైసీపీకి కూడా దాదాపు అంతే, సీట్లు 4. పదిమందిలో నలుగురు ఓటేసినా సభలో కనపడని పద్ధతి మనది. 2019లో తెలుగుదేశం గెలిచిన ఆ మూడింట్లో రెండు గుంటూరు, విజయవాడే. గుంటూరులో మెజారిటీ నాలుగు వేల పైచిలుకు.

ఆ రోజు కౌంటింగ్ ఏజెంటుగా ఒక టేబుల్ దగ్గర వల ఇవతల కూర్చున్నాను. ఈవీఎం తెర మీద అంకె కనపడగానే కాగితం మీద గీసుకుని, బూత్‌లో పోలైన ఓట్ల లెక్క ఉండే 17సీ ఫారంతో సరిచూసి, పక్కవాడిది కూడా అడిగి మళ్లీ సరిచూసుకోవడం. ఒక రౌండులో మనం, ఇంకో రౌండులో వాళ్లు. మా పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీ స్థానాలుంటే ఆరు వైసీపీవి, ఒక్క గుంటూరు పశ్చిమ మాత్రం తెలుగుదేశం. విజయవాడలోనూ అంతే, ఏడింటిలో ఒక్క తూర్పు. విజయవాడ సెంట్రల్ అయితే 25 ఓట్లతో పోయింది! అంటే చాలామంది ఎమ్మెల్యేకి ఒకరికి, ఎంపీకి ఇంకొకరికి వేశారు. కాబట్టి 'గాలి మారింది, జనం మనసు మారింది' అని సీట్లు చూసి తీర్పు చెప్పకండి.

పటమట మాస్టారు:
అది నిజం. 1989లో కూడా ఉమ్మడి రాష్ట్రంలో తెలుగుదేశానికి మూడో వంతు ఓట్లు, సీట్లు 42లో రెండు. 30 నుంచి రెండుకి పడింది. జనంలో మూడో వంతు ఎక్కడికీ పోలేదు.

కృష్ణలంక కుర్రాడు:
సరే, మరి దీనికి జవాబు చెప్పండి. 2009లో కాంగ్రెస్‌కి 206. అందులో 33 మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే. బ్రాడీపేట అన్న లెక్క ప్రకారం మనంత బలవంతులు దేశంలోనే ఉండకూడదు. మరి ఏమైంది? 2014 ఫిబ్రవరి 13న మా విజయవాడ ఎంపీ సభలో పెప్పర్ స్ప్రే కొట్టేదాకా వెళ్లింది, 18న ప్రత్యక్ష ప్రసారం ఆపేసి రాష్ట్ర విభజన బిల్లు పాస్ చేశారు. 272కి అంత దూరంలో ఉన్న పార్టీ, మనవాళ్లు లేకపోతే నిలవని పార్టీ, మన మాట వినలేదు. గ్యాప్ ఉంటే చాలనడం ఇక్కడే తేలిపోయింది.

బ్రాడీపేట వాసి:
గ్యాప్‌తో పాటు విడిగా నిలబడే పార్టీ కూడా కావాలి. ఆ 33 మంది కాంగ్రెస్ విప్‌కి కట్టుబడ్డవాళ్లు, అధిష్ఠానం అనుకుంటే పార్టీ నుంచి బహిష్కరించి పారేస్తుంది, కొందరిని చేసింది కూడా. ప్రాంతీయ పార్టీ అయితే మద్దతు వెనక్కి తీసుకుంటామని ఉత్తరం రాస్తే చాలు.

తెనాలి రోడ్డు:
ఇద్దరూ ఒకటి వదిలేస్తున్నారు. ఆ 33లో తెలంగాణ వాళ్లూ ఉన్నారు, వాళ్లు అడిగిందీ మనం వద్దన్నదీ ఒకటే. ఒకే రాష్ట్రం నుంచి వచ్చి చెరో దిక్కుకి లాగితే అది 33 ఎలా అవుతుంది? ఇప్పటి 16 బలంగా కనపడటానికి కారణం వాళ్లందరూ ఒకే మాట మీద ఉండటం. ప్రాంతీయ పార్టీ అయినా లోపల చీలిక వస్తే గతి అంతే. 2019 జూన్‌లో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలోకి వెళ్లిపోలేదా? మూడింట రెండొంతులు కాబట్టి ఫిరాయింపు చట్టం కూడా ఆపలేదు.

కృష్ణలంక కుర్రాడు:
చీలిక మాట ఒప్పుకుంటా. 33 గురించి మాత్రం ఒప్పుకోను, అందులో సీమాంధ్ర వాళ్లు పదిహేను మందికి పైనే. వాళ్లందరూ బిల్లు సభకు రాకముందే ఒక్కసారిగా రాజీనామా చేసి బయటికొచ్చి ఉంటే ఆ ప్రభుత్వం ఏం చేసేదో చూసేవాళ్లం. చేయలేదు, పదవులు పట్టుకుని కూర్చున్నారు. అందుకే 2014లో మన 25లో కాంగ్రెస్‌కి ఒక్కటి కూడా ఇవ్వలేదు, ఇప్పటిదాకా ఇవ్వలేదు.