వార్తల సిఫార్సుల్లో వైవిధ్యం: దేన్ని కొలవాలి?

పెన్నగట్టు (అనంతపురం)
హంద్రీ-నీవా కాలువ వార్త ఒకటి నొక్కితే కిందొచ్చే పది సిఫార్సుల్లో ఏడు అవే. పత్రికలు ఏడు, కథనం ఒకటే. పత్రికల పేర్లు లెక్కబెట్టి దీన్నే వైవిధ్యమంటే ఎట్లా? మీరు దేన్ని కొలుస్తున్నారు?

తుంగభద్ర_కాలువ (కర్నూలు)
అన్నా, ముందు జాబితా లోపలి దూరం చూడండి. పది వార్తలకు 45 జతలు. ఒక్కో జతకు కొసైన్ పోలిక (రెండు వార్తల మాటలు ఎంత కలుస్తాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) తీసి, దాన్ని 1లోంచి తీసేసి, సగటు కట్టాలి.

తర్వాత ఎంఎంఆర్ (మాగ్జిమల్ మార్జినల్ రెలవెన్స్), అంటే ఆసక్తినీ కొత్తదనాన్నీ కలిపి చూసి వార్తలను ఒక్కొక్కటిగా ఎంచడం. కార్బొనెల్, గోల్డ్‌స్టీన్ 1998లో ఇచ్చిన పద్ధతి. ముందు వంద వార్తలు ఏరుకోవాలి. లాంబ్డా అంటే ఆసక్తికి ఎంత బరువివ్వాలో చెప్పే 0–1 మధ్య అంకె. ఒక్కోదానికి లాంబ్డా × పాఠకుడి ఆసక్తి మార్కు కట్టి, అందులోంచి (1 − లాంబ్డా) × ఇప్పటికే ఎంచినవాటితో ఉన్న అత్యధిక పోలిక తీసేయాలి. ఎక్కువ మిగిలింది తర్వాతి చోటికి. 0.7తో మొదలుపెట్టొచ్చు. ఆసక్తి మార్కులు 0–50 మధ్య ఉంటే మాత్రం లాంబ్డా ఎంత తిప్పినా జాబితా పెద్దగా కదలదు. 0–1కి కుదించాకే తిప్పండి.

కడప_గడప
ఆ పోలిక దగ్గరే తెలుగుకు చిక్కు. మాటల లెక్కతో తీస్తే "అనంతపురం", "అనంతపురంలో", "అనంతపురానికి" మూడు వేరు మాటలు. ఒకే వార్త రెండుగా కనబడి దూరం ఊరికే పెరుగుతుంది. మాటలకు బదులు 3 నుంచి 5 యూనికోడ్ గుర్తుల ముక్కలు తీసుకోండి, చాలావరకు తగ్గుతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత కథనాలను యూనికోడ్‌కు మార్చకుండా ఎక్కిస్తే ఇంకా ఘోరం. ఆ పిచ్చిగుర్తులు యూనికోడ్ వార్త దేనితోనూ కలవవు కాబట్టి ఎంఎంఆర్ వాటినే పైకి తెస్తుంది.

పెన్నగట్టు
సరే, ఏడూ ఒకటయ్యాయి అనుకుందాం. ఖాళీ అయిన చోట్లోకి క్రికెట్టు, సినిమా, వంట వస్తాయి. దూరం బ్రహ్మాండంగా పెరుగుతుంది. కాలువ మీద రైతు మాట ఒక్కటీ రాదు.

తుంగభద్ర_కాలువ
అది దూరంతో తేలేది కాదన్నా. వార్తల సిఫార్సు ప్రజాస్వామ్యంలో ఏ పని చేయాలో ముందు తేల్చుకోవాలని పరిశోధకురాలు నటాలీ హెల్బెర్గర్ 2019లో రాశారు. పాఠకుడి ఇష్టాన్ని గౌరవించడమే లక్ష్యమైతే అతని అభిరుచుల నిష్పత్తి నిలబెడితే సరిపోతుంది. చర్చ జరగాలంటే ఒకే విషయం మీద వేర్వేరు వాదాలు పక్కపక్కన రావాలి. వినబడని గొంతులే ముఖ్యమైతే వాటికి చోటు విడిగా కేటాయించాలి. ఒకే అంకె ఈ మూడింటినీ చెప్పలేదు.

కడప_గడప
దానికి ప్రతి వార్తకూ "ఎవరు మాట్లాడారు" అనే గుర్తు కావాలి: అధికారి, నాయకుడు, రైతు, భూమి పోయినవాళ్లు. ముందు ఒక 200 వార్తలకు జిల్లా డెస్కుతో చేత్తో పెట్టించండి. ఇద్దరు విడివిడిగా పెట్టి పోల్చుకోవాలి, లేకపోతే గుర్తులే తప్పుతాయి. తర్వాత రైతు మాట మొత్తం పోగులో ఎంత, ఏరిన వందలో ఎంత, చూపిన పదిలో ఎంత అని చూడండి. వందలో ఉండి పదిలో లేకపోతే లాంబ్డా సంగతి. పోగులో ఉండి వందలో లేకపోతే ఏరే దశ తప్పు. పోగులోనే లేకపోతే సూత్రాన్ని తిప్పి లాభం లేదు, విలేకరి పొలానికి పోవాలి.

పెన్నగట్టు
మూడు దశలకూ లెక్క విడిగా తీసి ఇక్కడే పెడతాను. గుర్తుల పట్టిక తయారుగా ఉంటే పంచండి.