కొల్లేరు కొర్రమీను: ప్రతి నెలా అదే సైజు ఎందుకొస్తోంది?

జువాలజీ పీజీ: నమస్కారమండీ. ప్రాజెక్టు కోసం కొల్లేరు కొర్రమీను ఎదుగుదల చూస్తున్నాను. ఆకివీడు వైపు ఒక కమీషన్ దుకాణం దగ్గర నెలనెలా పొడవులు కొలుస్తున్నా. వానాకాలం నుంచి గ్రాఫ్‌లో గుట్ట (ఎక్కువ చేపలున్న పొడవు) 30 సెంటీమీటర్ల దగ్గరే ఉంది, కదలట్లేదు. నెలనెలా పొడవుల నుంచి ఎదుగుదల లెక్కగట్టే ఎలిఫాన్‌లో వేస్తే కె విలువ (చేప ఎంత త్వరగా తన గరిష్ఠ పొడవుకి చేరువవుతుందో చెప్పేది) ఒకసారి 0.3, ఇంకోసారి 1.2 వస్తోంది. వయసు కోసం పొలుసుల మీద వలయాలు లెక్కపెడదామంటే మా గైడ్ గారు మన నీళ్లలో అవి నమ్మలేం అంటున్నారు. సబ్మిషన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

పాత వల: చేప పెరుగుతూనే ఉందమ్మా, అది నీకు కనపడకుండా చేస్తున్నది ఆ దుకాణమే. అక్కడికి వచ్చేసరికి సరుకు రెండుసార్లు ఏరేసి ఉంటుంది. మొదట వల ఏరుతుంది. గిల్ నెట్ కన్నులో తల దూరి మొప్పల దగ్గర ఇరుక్కున్నదే నిలుస్తుంది; చిన్నది జారిపోతుంది, పెద్దదాని తల దూరదు. తర్వాత మనిషి ఏరతాడు: చిన్నవి ఇంటి పులుసుకి, పెద్దవి వేరే టబ్బులోకి. మిగిలింది నువ్వు కొలుస్తున్నావు. ఒక తరం పిల్లలు నెలనెలా పెరిగితే గుట్ట కుడివైపు జరగాలి. జరగని గుట్టకి ఏ వక్రరేఖైనా అతుకుతుంది, అందుకే నీకు 0.3, 1.2 రెండూ వచ్చాయి.

తెల్లారేసరికి మావులు (చేపలు చిక్కే బోనులు) ఎత్తే చోటికి వెళ్లు. పడినదంతా ఏరకముందే కొలు. కొర్రమీను బతికే ఉంటుంది, బద్ద మీద పెట్టగానే ఎగిరి పడుతుంది. తడి గోనెపట్టా కళ్ల మీద కప్పితే కాసేపు కదలదు. మూతి కొస నుంచి తోక చివరి దాకా కొలు, ప్రతి నెలా అలాగే. ఒక నెల తోక కలిపి, మరో నెల వదిలేసిన ప్రాజెక్టులు నేను చూశాను, చేప కుంచించుకుపోయినట్టు లెక్క తేలుతుంది.

వలయాల సంగతి మీ గైడ్ సరిగానే చెప్పారు. చలి దేశాల్లో శీతాకాలం ఎదుగుదల మందగించి ఏడాదికో గుర్తు పడుతుంది. ఇక్కడ వేసవిలో నీళ్లు తగ్గినా పడొచ్చు, గుడ్లు పెట్టే కాలంలోనూ పడొచ్చు. ఏడాదికి ఒకటేనని ముందు రుజువు చేయాలి. పౌలీ, డేవిడ్ అనే శాస్త్రవేత్తలు 1980ల మొదట్లో ఎలిఫాన్ తెచ్చిందీ ఈ ఇబ్బంది వల్లే.

కైకలూరు కుర్రాడు: మావుల్లోనూ మరీ పసివి దొరకవండీ. ఎర్రటి పిల్లలు గుర్రపుడెక్క మధ్య గుంపుగా తిరుగుతుంటాయి, తల్లీ తండ్రీ కిందే కాపలా. చేతివలతో విడిగా తీయాలి. ఇంకోటి, చెరువులో మేత వేసి పెంచిన కొర్రమీనూ అదే దుకాణానికి వస్తుంది. గట్టు తెగితే కొల్లేట్లోకీ వచ్చేస్తుంది.

జువాలజీ పీజీ: చెరువు చేపని ఎలా గుర్తుపట్టాలన్నా?

కైకలూరు కుర్రాడు: చూసి తేల్చలేం. ఏ పడవలోంచి దిగిందో అడిగి రాసుకోండి. ఎక్కడిదో చెప్పని బుట్ట కొలవకండి.

లెక్కల మేష్టారు: ఒక్క మాట. కె, ఎల్ ఇన్ఫినిటీ (లెక్క ప్రకారం చేప చేరగల గరిష్ఠ పొడవు) రెండూ జంటగా మారతాయి, ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతుంది. విడివిడిగా పోల్చకండి. కె లాగరిథమ్‌కి ఎల్ ఇన్ఫినిటీ లాగరిథమ్ రెండింతలు కలిపి ఫై ప్రైమ్ అనే ఎదుగుదల సూచిక తీయండి. ఇదే చేప మీద వేరేచోట వచ్చిన విలువకి అది మరీ దూరంగా ఉంటే శాంపిల్‌ని అనుమానించండి.

జువాలజీ పీజీ: థాంక్సండీ అందరికీ. మరి ఇప్పటిదాకా కొలిచినవన్నీ పారేయాల్సిందేనా?

పాత వల: బరువులు కూడా తూచి ఉంటే ఉంచు, పొడవు-బరువు సంబంధానికి వాడొచ్చు. కాకపోతే అన్నీ 30 చుట్టూనే ఉన్నాయిగా, చిన్నవీ పెద్దవీ చేరేదాకా బి విలువ (పొడవుతో పాటు బరువు ఎలా పెరుగుతుందో చెప్పే ఘాతాంకం) రిపోర్టులో పెట్టకు.